స్కాట్లాండ్ గళ్ళు, సోలాపూర్ టవల్

ఈ సంగతి విన్నవాళ్ళలో సగం మంది నన్ను చూసి నవ్వారు. మిగతా సగం మంది మా బాపును తలుచుకుని జాలిపడ్డారు. మీరు ఏ సగమో చివర్లో తేల్చుకుందురుగాని. ఒక వయసొచ్చిన కుర్రాడు, ఒంట్లో జ్వరం లేదు, కడుపులో మందు లేదు, శత్రువులు అసలే లేరు, అయినా తన పెళ్ళిని తానే టవల్‌తో గొంతు పిసికి చంపబోయిన వైనం ఇది. గుండె నిబ్బరం తక్కువైనవాళ్ళు ఒక గ్లాసు మంచినీళ్ళు దగ్గర పెట్టుకుని చదవండి.

ఆ కుర్రాడు నేనే. పేరు అంబాదాస్, ఇంటిపేరు గుర్రం. ఎనభైలు వెళ్ళిపోయి తొంభైలు వస్తున్న రోజులు. సోలాపూర్‌లో మా తెలుగు నేతవాళ్ళ గల్లీలో ఇంటి ముందు భాగంలో మనుషులు, వెనక భాగంలో పవర్‌లూమ్‌లు కాపురం ఉండేవి. మాకు నాలుగు మగ్గాలు. పొద్దస్తమానం ఖట్ ఖట్ మని టవళ్ళు నేసేవి. వాటిని చూసుకుంటే చాలు, అన్నం పెట్టేవి. కానీ నేను పది పాసయ్యాను కదా! ఆపైన కాలేజీలో ఒక ఏడాది బెంచీ కూడా అరగదీశాను కదా! మాత్రల అట్ట మీద ఇంగ్లీషు చదివి ఇది తలనొప్పికి, ఇది కడుపునొప్పికి అని చెప్పేవాడిని. ఒకసారి తారుమారుగా చెప్పాను, అది వేరే కథ. మొత్తానికి గల్లీలో చదువుకున్నవాడంటే నేనే అని గల్లీ కంటే ముందు నేను నమ్మాను.

కొంతం చౌక్ దగ్గర ఒక రద్దీ దుకాణం, అంటే పాత కాగితాల కొట్టు, ఉండేది. పాత పేపర్లు అమ్మి రమ్మని అవ్వ పంపితే (మా ఇళ్ళలో అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం), అమ్మిన డబ్బుతో ఒక పాత ఆల్బమ్ కొనుక్కుని ఇంటికొచ్చాను. కోతికి కొబ్బరికాయ దొరికిందంటారు కదా, ఆ కోతి నయం. కొట్టుకు తినలేక కాసేపటికి పారేస్తుంది. నేను పారేయలేదు.

ఎప్పుడో ఏదో మిల్లులో పనిచేసి తన దేశం వెళ్ళిపోయిన ఒక స్కాట్లాండ్ దొర వదిలేసిన ఆల్బమ్ అట అది. నిండా రంగు రంగుల పోస్టుకార్డులు. ప్రతి కార్డులోనూ ఒక కొండ, కొండ మీద ఒక మీసాల దొర, ఆ దొర మోకాళ్ళ దాకా గళ్ళ బట్ట. ఒక మూలన గుండ్రంగా చుట్టిన బెల్టు బొమ్మ, దానికి బకిల్, బెల్టు మధ్యలో ఏదో జంతువు తలకాయ. నడుముకు పెట్టుకోవాల్సిన బెల్టును జంతువుల మెడ చుట్టూ ఎందుకు పెట్టారో నాకు తెలియదు. కింద ఒక ఇంటిపేరు. సగం పేర్లు 'మెక్'తోనే మొదలు. మెక్‌లియోడ్ వాళ్ళకు పసుపు మీద నల్ల గళ్ళు, గుర్తు ఎద్దు తలకాయ. క్యాంప్‌బెల్ వాళ్ళకు ఆకుపచ్చ మీద నల్ల గళ్ళు, గుర్తు అడవిపంది తలకాయ.

ఆల్బమ్ తీసుకెళ్ళి ఇంట్లో పరిచాను.

"ఏంరా అంబాదాస్, మొగోడు పరికిణి కట్టుకున్నడేంది?" అంది అవ్వ, బుగ్గన వేలు పెట్టుకుని.

"పరికిణి కాదే, లుంగి," అన్నాడు బాపు. ఆయన దొర మొహం చూడలేదు, బట్ట చూశాడు. "కుచ్చులు పోసి కుట్టిచ్చుకుండు. పడుగుల ఏ లెక్కనో పేకల గదే లెక్క. మంచిగనే నేసిండ్రు."

"మరి ముంగట గా బొచ్చు సంచేంది?"

"పాన్ సంచి అయ్యుంటది."

"ఓ దేవా, సంచి కట్టుకునే జాగా అదేనా?"

నాకు ఒళ్ళు మండింది. ఒక జాతి వంశ గౌరవాన్ని పట్టుకుని వీళ్ళు పాన్ సంచి దగ్గర ఆగిపోయారు! గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"బాపూ, ఇది లుంగి కాదు. అక్కడ ఒక్కో ఇంటిపేరుకు ఒక్కో గళ్ళ బట్ట ఉంటది. బట్టను చూసి మనిషి ఏ ఇంటోడో చెప్పొచ్చు."

బాపు కార్డును నా వైపు నెట్టాడు. "ఎందుకు, మనిషిని అడిగితే చెప్పడా?"

ఇలాంటి ప్రశ్న ఒకటి అడ్డం వచ్చినంత మాత్రాన ఉపన్యాసం ఆపేవాడినైతే నేను నేనెందుకవుతాను? గల్లీ చివరి చాయ్ హోటల్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళకు చెప్పడం మొదలుపెట్టాను. మన పద్మశాలీలకు ఇన్ని ఇంటిపేర్లున్నాయి, ఊరందరికీ బట్ట నేసేది మనం, మన ఇంటిపేరుకు మాత్రం మన బట్ట లేదు, సిగ్గుచేటు కాదా అని. గుర్రం వాళ్ళకు ఎర్ర గీత అని నాకు నేనే పట్టాభిషేకం చేసుకున్నాను. పులి ఇంటిపేరు వాళ్ళకు బెల్టులో పులి తలకాయ పెడతానన్నాను. వాళ్ళు ఎంతో సంతోషపడ్డారు. కోడి ఇంటిపేరు వాళ్ళు మాత్రం అప్పటినుంచి నాతో మాట్లాడడం మానేశారు. మా మరాఠీ దోస్తులు "కాయ్ రే స్కాట్లాండ్!" అని పిలిచేవారు. అది బిరుదనుకున్నాను.

ఇంతలో సంబంధం వచ్చింది.

పిల్ల పేరు రేణుక. ఇంటిపేరు మేకల. బీడీ పనివాళ్ళ కాలనీ విడీ ఘర్కుల్‌లో ఇల్లు. తల్లీ కూతుళ్ళు బీడీలు చుట్టేవారు. తండ్రి చిన్నప్పుడే పోతే పెద్దబాపు నర్సప్ప అన్నీ తానై పెంచాడు. ఈ నర్సప్ప మామూలు మనిషి కాదు. ఏ ఇంటిపేరుది ఏ గోత్రం, ఎవరికి ఎవరు వరస, ఎవరి తాత ఎవరి తాతకు ఏమవుతాడు, అన్నీ ఆయన నాలుక చివరనే. వరస కలవదని చెప్పి ఎన్ని సంబంధాలు తిప్పిపంపాడో! ఆయన ముందు గోత్రం చెప్పకుండా చాయ్ తాగినవాడు లేడు.

మేం వెళ్ళేసరికి రేణుక గడప దగ్గర కూర్చుని ఉంది. ఒళ్ళో చాట, చాటలో ఆకు, తంబాకు. మమ్మల్ని చూసి లేచి లోపలికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. అంతే. ఇక నవ్వులాటకు చెప్పడం లేదు, నిజంగా చెప్తున్నాను, ఈ పిల్ల నాది కాకపోతే నాకు పెళ్ళే వద్దనిపించింది. గుండె మగ్గం మీద పెట్టినట్టు కొట్టుకుంది.

నర్సప్ప మామ అడిగాడు. "ఏం పని చేస్తవ్ బిడ్డా?"

"మగ్గాలు చూసుకుంటా మామా" అంటే అయిపోయేది. పిల్లనిచ్చేవాడు, లడ్డు తిని ఇంటికొచ్చేవాళ్ళం. కానీ నోట్లో నాలుక ఉన్నది ఎందుకు, కొంప ముంచడానికి కాకపోతే? "స్కాట్లాండ్‌ల ఇంటిపేర్లకు గళ్ళుంటయి మామా..." అని ఎత్తుకున్నాను. చంకలోని ఆల్బమ్ తీశాను. పెళ్ళిచూపులకు ఆల్బమ్ ఎందుకు తీసుకెళ్ళావని అడగకండి, బాపు దారి పొడుగునా అదే అడిగాడు.

ఆశ్చర్యం ఏమిటంటే నర్సప్ప మామకు నచ్చింది! ఇంటిపేరు అనే మాట వినగానే ఆయన కళ్ళు వెలిగాయి. ఒక్కో కార్డూ తిప్పి చూశాడు. చూసి, కళ్ళజోడు తీసి, అసలు ప్రశ్న వేశాడు.

"బర్, ఒకటి చెప్పు. ఒక్క గీతోళ్ళు ఒక్క గీతోళ్ళను లగ్నం చేసుకుంటరా?"

దొరలు ఎవరిని చేసుకుంటారో నాకేం తెలుసు? నా తాత చెప్పాడా? తెలియదంటే పోయేది. కానీ ఆయన మొహం చూస్తే ఏ జవాబు కావాలో తెలిసిపోయింది. తలుపు సందులోంచి ఒక గాజుల చప్పుడు వినిపిస్తోంది. నేను లేని ఎత్తుకు ఎగిరాను.

"ఛ ఛ, ఎట్ల చేసుకుంటరు మామా! గీత ఒకటైతే అన్నాచెల్లెండ్లే. ఎంత ప్రేమున్నా సరే, గీత కలిసిందంటే లగ్నం ఖతం. కార్డు ఎనుక రాసే ఉన్నది."

"ఆఁ! రాసున్నదా?"

"ఇంగ్లీష్‌ల రాసున్నది."

మామ బాపు వైపు తిరిగాడు. "చూసిండ్రా బావా, దొరలు కూడ మనసొంటోళ్ళే. గోత్రం లేని మనిషి ఉంటడా! పిల్లగాడు హుషారున్నడు." బాపు లడ్డు తింటున్నాడు. నా కోతలు ఇంకా అయిపోలేదేమో అన్నట్టు నా వైపు చూశాడు.

"మరి మాకేం గీత?" అన్నాడు మామ.

"మీకు పసుపు గీత మామా. మెక్‌లియోడ్ వాళ్ళ లెక్క, పక్కా ఖాన్‌దానీ రంగు. మాకు ఎర్ర గీత."

"గుర్తు?"

ఇక్కడ కొంచెం తడబడ్డాను. ఇంటిపేరు మేకల. గుర్తు మేక కాకుండా ఏమవుతుంది? కానీ పిల్లనిచ్చే మామ నెత్తి మీద మేక తలకాయ పెట్టగలనా? గబగబా కార్డులు తిరగేస్తే చెట్టంత కొమ్ముల దుప్పి కనిపించింది. "ఇదిగో మామా, మీ మేక!"

లోపలినుంచి రేణుక గొంతు వినిపించింది. "మేకకు గంత కొమ్ములుంటయా?"

"స్కాట్లాండ్ మేకకు ఉంటయి," అన్నాను ధీమాగా. లోపల కిసుక్కున నవ్వు. ఆ నవ్వు నాకు ఒప్పుకోలులా వినిపించింది. ఆ ఊపులో ఇంకో మాట కూడా ఇచ్చేశాను. "సాకర్‌పుడా నాటి టవళ్ళు నేనే నేసుకొస్తా. మీకు మీ గీత, మాకు మా గీత."

మా సోలాపూర్‌లో నిశ్చితార్థాన్ని మరాఠీవాళ్ళలాగే సాకర్‌పుడా అంటాం. ఆ రోజు రెండు వైపుల మగవాళ్ళకూ టవల్-టోపీ పెట్టడం మర్యాద. అన్నీ తక్కువైనా ఫరవాలేదు, టవల్ తక్కువైతే మాత్రం మనవళ్ళ కాలం దాకా మాట పడాలి. అలాంటి టవల్ మీద నేను ప్రయోగం చేయబోయాను.

ఇంటికొచ్చి బాపుకు చెప్తే ఆయన తల పట్టుకున్నాడు. "రెండు ఇండ్లకు రెండు తీర్ల గళ్ళంటే రెండు పడుగులు కావాలె. పడుగు చుట్టిన బీములు రెండు ఎక్కియ్యాలె, దించాలె. నీ అయ్య మిల్లు మాలికా? ఒక్క బీము ఇస్త. ఏం చేసుకుంటవో చేసుకో."

సరే, పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టు, నేను ఉపాయం కనిపెట్టాను. నిలువు నూలు పడుగు అందరికీ ఒకటే, ఆకుపచ్చ, నలుపు చారలు. అడ్డం నూలు పేకలో మాత్రం అంచు దగ్గర ఒక అడ్డగీత. మాకైతే ఎర్ర నూలు, మేకల వాళ్ళకైతే పసుపు నూలు. నాడెలో నూలు కండె మారిస్తే సరి. ఎర్ర నూలు షెడ్డులో ఉంది. పసుపు లేదు. రంగులవాడి దగ్గరికి వెళ్తే, ఇంత కొంచెం నూలుకు రంగు కాగు పెట్టను, పెద్ద ఆర్డర్‌తో కలిపి వేస్తాను, వచ్చే వారం రా అన్నాడు. సాకర్‌పుడా ఈ వారం.

పసుపు రంగు కావాలి. ఇంట్లో పసుపు ఉంది. ఇంకేం ఆలోచించాలి?

చదివేవాళ్ళలో నేతవాళ్ళు ఎవరైనా ఉంటే ఇక్కడ పుస్తకం మూసి కాసేపు నన్ను తిట్టుకోండి, నేను ఆగుతాను. నాలుగు మగ్గాల ఇంట్లో పుట్టాను. ఉతికినా పోని పక్కా రంగు అంటే ఏమిటో, తడిస్తే వదిలే కచ్చా రంగు అంటే ఏమిటో ఊయలలో ఉన్నప్పుడే విన్నాను. అయినా అవ్వ గుడికి వెళ్ళిన సమయం చూసి, పసుపు డబ్బా మొత్తం గంజు గిన్నెలో కుమ్మరించి, నూలు చిలుపలు ఉడకబెట్టాను. ఏం రంగు వచ్చిందనుకున్నారు! బంగారం. మెక్‌లియోడ్ ముత్తాత చూస్తే కన్నీళ్ళు పెట్టుకునేవాడు.

"పసుపు నూలు ఏడ దొర్కిందిరా?" అన్నాడు బాపు మగ్గం దగ్గర.

"దోస్త్ ఇచ్చిండు."

"వాసనేంది?"

"దోస్తు ఇంట్ల మసాలా దంచుతరు."

టవళ్ళు తయారయ్యాయి. ఒక్కో కట్ట మీద లేబుల్ అంటించాను. మా కట్ట మీద బెల్టు మధ్యలో గుర్రం తలకాయ, వాళ్ళ కట్ట మీద బెల్టు మధ్యలో కొమ్ముల స్కాట్లాండ్ మేక. బొమ్మలు నేనే వేశాను. గుర్రం కొంచెం గాడిదలా వచ్చింది. నా బొమ్మ నేనే వేసుకున్నానని అప్పుడు తెలియలేదు.

సాకర్‌పుడా రోజు విడీ ఘర్కుల్‌లో వాళ్ళ ఇంటి ముందు షామియానా వేశారు. జంపఖానాల మీద ఇటు మావాళ్ళు, అటు వాళ్ళవాళ్ళు. ఎండ చుర్రుమంటోంది. అవ్వ, రేణుక తల్లి కలిసి నిమ్మకాయ షర్బత్ కలుపుతున్నారు. టవల్-టోపీలు పెట్టారు. వాళ్ళ భుజాల మీద పసుపు గీతలు, మా భుజాల మీద ఎర్ర గీతలు. నేను మధ్యలో నిలబడి ఆల్బమ్ చంకలో పెట్టుకుని రెండు దిక్కులా చూస్తుంటే స్కాట్లాండ్ రాజు కూడా ఇంత గర్వపడి ఉండడు. నర్సప్ప మామ తన టవల్ గీతను వేలితో నిమురుతూ అందరికీ చెప్తున్నాడు. "గిది మేకలోళ్ళ గీత. ఇగ సభలో మనోడెవడో, పరాయోడెవడో చూస్తేనే ఎర్కైతది."

చెప్తూ చెప్తూ ఆయన జేబులోంచి తంబాకు తీశాడు. చున్నా డబ్బీ తీశాడు. సోలాపూర్‌లో నలుగురు మగవాళ్ళు కూర్చుంటే అరచేతిలో తంబాకు, సున్నం కలిపి నలపకుండా మాట ముందుకు నడవదు. మామ బొటనవేలితో నలిపాడు, తట్టాడు, పెదవి కింద పెట్టుకున్నాడు. చేతికి అంటిన సున్నాన్ని కొత్త టవల్ అంచుకు మర్యాదగా తుడుచుకున్నాడు.

మీకు అర్థమైపోయింది. మీ ఇంట్లోనూ హారతి పళ్ళెంలో ఎర్రనీళ్ళు కలుపుతారు. పసుపు, సున్నం కలిస్తే ఏమవుతుందో మూడేళ్ళ పిల్లకు తెలుసు. నాకు తెలియదా? తెలుసు. సమయానికి గుర్తు రాలేదు, అంతే.

"అరే, రక్తం!" అన్నాడు మామ పక్కనున్నాయన.

"ఏది? ఏడ?"

"నీ టవల్‌కు!"

రక్తం కాదు. పసుపు గీత ఎర్రగా మారిపోయి నిగనిగలాడుతోంది. నర్సప్ప మామ తన వేళ్ళు చూసుకున్నాడు, గీత చూసుకున్నాడు. పక్కాయన టవల్ లాక్కుని చూశాడు. ఆయనా అప్పుడే తంబాకు వేసుకుని చేయి తుడుచుకున్నాడు. ఆయన గీతా ఎరుపే. ఆ వెనకాయనదీ అంతే. నేను చూస్తుండగానే మేకల వంశం అంతా ఎన్నికల తర్వాత పార్టీ మారినట్టు ఒక్కొక్కరుగా గుర్రం వంశంలోకి దూకుతోంది. తంబాకు అలవాటు లేని ఇద్దరు ముసలివాళ్ళు మాత్రం పసుపు గీతతో నమ్మకంగా కూర్చున్నారు.

నర్సప్ప మామ లేచాడు. గొంతు పెద్దది చేయలేదు, అదే భయం.

"అంబాదాస్. ఎర్ర గీత ఎవలది?"

"మాది మామా."

"నా భుజం మీదున్నది ఏం గీత?"

"అది... ఎరుపు లెక్క కనపడే పసుపు మామా."

"నాకు కండ్లున్నయి. ఎరుపు. అంటే నేను గుర్రపోణ్ణి. నేను గుర్రపోణ్ణైతే నా పిల్ల గుర్రపోళ్ళ పిల్ల. గీత కలిసిందంటే ఏమైతదని చెప్పినవ్ నువ్వు?"

నేను ఆల్బమ్‌ను వీపు వెనక్కి తోశాను.

"చెప్పు బిడ్డా, అందరూ ఇనాలె."

"అన్నాచెల్లెండ్లు..."

"ఎంత ప్రేమున్నా?"

"లగ్నం ఖతం," అన్నాను. నా గొంతు నాకే ఎవరో దాయాది గొంతులా వినిపించింది.

షామియానా కింద గుసగుసలు మొదలయ్యాయి. అపశకునం అని ఒకరు, సాకర్‌పుడా ఆపండి అని ఒకరు. మామ కోపం చల్లారుతుందని అవ్వ షర్బత్ గ్లాసు పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. "తమ్మీ, జర గొంతు తడుపుకోండ్రి..." మామ విసురుగా చేయి ఊపాడు. గ్లాసు ఎగిరి షర్బత్ అంతా ఆయన టవల్ మీద పడింది.

నిమ్మరసం తగిలిన గీత అందరి కళ్ళ ముందే మెల్లగా మళ్ళీ పసుపైంది.

మామ నోరు తెరిచాడు. పక్కాయన తన టవల్ కూడా షర్బత్‌లో ముంచి చూశాడు. అదీ పసుపైంది. ఒక ఆకతాయి దాని మీద మళ్ళీ సున్నం రాశాడు. ఎరుపు. ఎవరు ఏ క్షణంలో ఏ వంశమో చెప్పడం గోత్రాల నర్సప్పకు కూడా సాధ్యం కావడం లేదు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుంటున్నారు.

అవ్వ మాత్రం నవ్వలేదు. తడిసిన టవల్‌ను ముక్కు దగ్గర పెట్టుకుంది. వాసన చూసింది. తల మెల్లగా నా వైపు తిరిగింది.

"అందుకేనారా, నా పసుపు డబ్బా ఖాళీ అయింది?"

ఇక బాపు మొహం చూడాలి. సంబంధం పోతుందన్నప్పుడు కూడా ఆయన అంత కుంగిపోలేదు. "పసుపుతోని రంగా? నా ఇంట్ల? నా మగ్గం మీద?" అన్నాడు. "అరే, రేపు బజార్ల నా టవల్ ఎవడన్న పట్టుకుంటడారా? ఇజ్జత్ మొత్తం మట్టిల కలిపినవ్ గదరా!" ఆ ఒక్క క్షణం నాకూ నవ్వులాట కాదనిపించింది. సిగ్గుతో భూమిలోకి పోవాలనిపించింది.

"రంగు సంగతి మీరు మీరు చూసుకోండ్రి బావా," అన్నాడు నర్సప్ప మామ. "నాకు వరస సంగతి తేలాలె. అంబాదాస్, ఆ కార్డు తియ్యి. ఎనుక ఏడ రాసున్నదో చదువు."

ఆల్బమ్ తెరిచాను. మెక్‌లియోడ్ కార్డు పీకాను. వెనక్కి తిప్పాను. ఆ దొర వాటిని దాచుకోవడానికి కొన్నాడు కాని ఎవరికీ పంపడానికి కాదు. వెనక అంతా తెలుపే. నా మొహంలో అప్పటికి ఎంత రక్తం మిగిలిందో దాని మీద అంతే సిరా ఉంది. ఏదో ఒకటి చదివినట్టు నటిద్దామని పెదాలు కదిపాను కూడా. మామ కార్డు లాక్కున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కాని ఖాళీ కాగితం ఏ భాషలోనైనా ఖాళీయే కదా.

"గిండ్ల ఒక్క అక్షరం లేదు!"

"లేదు మామా."

"మరి నువ్వు చెప్పింది?"

"నేనే కల్పించిన మామా. గీత ఒకటైతే లగ్నం కాదని వాళ్ళేం చెప్పలే. వాళ్ళు ఎవరిని చేసుకుంటరో నాకు తెల్వదు. గీత ఉత్తదే. మన వరస మంచిగనే కలుస్తది." అంటూనే ఊపిరి పీల్చుకున్నాను. అమ్మయ్య, గీత అబద్ధమైతే రేణుక చెల్లెలు కాదు. గట్టెక్కానని నా పిచ్చి లెక్క.

మామ తల ఆడించాడు. "మంజే అబద్ధం ఆడినవ్."

"ఆడిన మామా."

"నా ఇంట్ల కూసోని, నా లడ్డు తినుకుంట."

"అవును మామా."

"అబద్ధాలాడేటోనికి పిల్లనెట్ల ఇస్తం?"

ముందు నుయ్యి వెనక గొయ్యి అని ఊరికే అంటారు. ఆ సామెతలోని మనిషికి కనీసం నుయ్యి, గొయ్యి తవ్వినవాడు ఇంకొకడు. నేను చెప్పింది నిజమైతే పిల్ల చెల్లెలు. అబద్ధమైతే నేను అబద్ధాలకోరు. ఎటు తిరిగినా పెళ్ళి లేదు. బాపు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అవ్వ కళ్ళు ఒత్తుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. అవ్వ దగ్గరున్న ఆ తడి టవలే చేతికందింది కాబట్టి దానితోనే తుడుచుకున్నాను. పసుపు మొహానికి అంటిందట, తర్వాత చెప్పారు.

"పెద్దబాపూ, నేనొక మాట చెప్పాల్నా?"

గుమ్మంలో రేణుక. పట్టుచీర, తలలో పూలు. అందరూ ఉన్నచోట పిల్ల అలా బయటికొచ్చి మాట్లాడడం అప్పట్లో జరిగే పని కాదు. ఎవరో "లోపలికి పో" అన్నారు. ఆమె కదల్లేదు.

"చెప్పు బిడ్డా," అన్నాడు మామ.

"నువ్వు అబద్ధమాడని మొగోణ్ణి నాకు తెస్తవా?"

జంపఖానా మీది మగవాళ్ళందరూ ఎవరికి వారు టవళ్ళు సర్దుకున్నారు.

"దొరకడు గద. హుషారోణ్ణి చేసుకుంటే వాని అబద్ధం ఏండ్లు గడిచినంక తెలుస్తది, అప్పటికి నా బతుకు అయిపోతది. ఈయన చూడు. మేకకు గంత కొమ్ములున్నయన్ననాడే నాకు సమజైంది. ఇంత పెద్ద అబద్ధమాడి, దానికి నూలు తెచ్చి, రంగేసి, నేసి, లేబుల్ అంటిచ్చి, మనింటికే తెచ్చి మన చేతికే ఇచ్చిండు. చిటికెడు సున్నానికి పట్టుబడ్డడు. ఇసొంటోడు జల్మల నాకాడ ఏం దాస్తడు? నాకు గీయనే కావాలె."

ముందు రేణుక తల్లి నవ్వింది. తర్వాత అవ్వ నవ్వింది. ఆ తర్వాత షామియానా మొత్తం ఊగిపోయింది. నర్సప్ప మామ మీసం కింద నవ్వు ఆపుకోలేక, పళ్ళెంలోని చక్కెర పిడికెడు తీసి నా నోట్లో కుక్కాడు. కుక్కడంలో కొంత కోపం కూడా ఉంది, పళ్ళు కదిలాయి. సంబంధం ఖాయమైంది. పెళ్ళి టవళ్ళు బాపు నేశాడు. తెల్లవి. గీత లేదు.

నా గొప్పతనాన్ని ఎంతోమంది పొగుడుతారని ఆల్బమ్ కొన్నాను. చివరికి నన్ను కాపాడింది నా చేతగానితనం. మనిషికి దక్కిన ఇంత ఘనమైన సర్టిఫికెట్‌ను పటం కట్టించుకోవాలా, దాచుకోవాలా అని ఇప్పటికీ తేల్చుకోలేదు.

కనుక కులదైవం మార్కండేయుడి మీద, నాలుగు మగ్గాల మీద, అవ్వ పసుపు డబ్బా మీద ప్రమాణం చేసి చెప్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఏ దేశపు దొరల వంశాన్నీ ఉద్ధరించను. ఏ మేకకూ లేని కొమ్ములు పెట్టను. అబద్ధం అసలే ఆడను. తప్పనిసరై ఎప్పుడైనా ఆడవలసి వస్తే, రంగులవాడి దగ్గర వారం రోజులు ఆగైనా సరే, పక్కా రంగు వేయించుకునే ఆడతాను.